అబ్జర్వేషన్ హోమ్ నుంచి మళ్లీ బడికి: అపోహలు - వాస్తవాలు

పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల మీద పడ్డ నేరం కేసులు చూసే జువైనల్ జస్టిస్ బోర్డు ముందుకు వచ్చే పిల్లలతో ప్రొబేషన్ ఆఫీసర్‌గా పనిచేస్తున్నాను. కేసు సంగతి బోర్డు, లాయర్లు చూసుకుంటారు. కేసు నడుస్తుండగా పిల్లల్ని ఉంచే అబ్జర్వేషన్ హోమ్ నుంచి వచ్చిన పిల్లాణ్ని మళ్లీ తరగతిలో కూర్చోబెట్టడం, కూర్చున్నవాణ్ని మధ్యలో జారిపోకుండా చూసుకోవడం మా వంతు. ఈ పనిలో హెడ్మాస్టర్ల నోట, తల్లిదండ్రుల నోట పదేపదే వినే మాటలు కొన్నున్నాయి.

అపోహ: కేసున్న పిల్లాణ్ని చేర్చుకోవాలా వద్దా అన్నది బడి ఇష్టం.

ఎనిమిదో తరగతి దాకా ప్రభుత్వ, ఎయిడెడ్ బడులకు ఆ ఇష్టం లేదు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ఎలిమెంటరీ చదువు పూర్తయ్యేలోపు పిల్లల్ని బడి నుంచి తీసేయకూడదు. ఏడాది మధ్యలో వచ్చాడనో, టీసీ ఇంకా చేతికి రాలేదనో చేర్చుకోకుండా ఆపకూడదు. టీసీ కోసం నెలల తరబడి తిప్పించుకునే హెచ్‌ఎం మీద శాఖాపరమైన చర్య తీసుకోవచ్చని కూడా అందులోనే ఉంది.

తొమ్మిది, పది చదివేవాళ్లకు ఆ చట్టం అంత గట్టి అండ కాదు. మా దగ్గరికొచ్చే పిల్లల్లో ఆ ఈడువాళ్లే ఎక్కువ. అక్కడ నేను బోర్డునే ఆశ్రయిస్తాను. పిల్లాడు బడికి వెళ్లాలని తన ఉత్తర్వులోనే రాసే అధికారం 2015 జువైనల్ జస్టిస్ చట్టం 18వ సెక్షన్ బోర్డుకు ఇచ్చింది. బోర్డుకు ఇచ్చే నివేదికలో ఆ మాట అడిగి మరీ రాయించుకుంటాను. వెనకాడుతున్న హెచ్‌ఎంకు అలాంటి కాగితం ఒకటి చేతిలో ఉంటే ధైర్యంగా ఉంటుంది.

అపోహ: విషయం స్టాఫ్ అందరికీ ముందే చెబితే జాగ్రత్తగా ఉంటారు.

హెచ్‌ఎంకు, క్లాస్ టీచరుకు తెలిస్తే చాలు. ఆ ఇద్దరి దగ్గరే ఆగాలి. పిల్లాడి పేరు, ఊరు, బడి, ఫొటో, ఏదైనా సరే, ఎవరో గుర్తుపట్టేలా బయటపెట్టడాన్ని జువైనల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ నిషేధించింది. పేపరు, టీవీలతో పాటు ఇతర సమాచార మాధ్యమాలన్నీ అందులోకి వస్తాయి. కాబట్టి టీచర్ల వాట్సాప్ గ్రూపులో ఒక్క ముక్క పెట్టేముందు కూడా ఆలోచించాలి. శిక్ష ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ.

అసలు బాధ శిక్ష గురించి కాదు. తరగతిలో ఎవరి పెన్నో పోతుంది. ఎవరూ నోరెత్తరు, కానీ తలలన్నీ ఒకే బెంచీ వైపు తిరుగుతాయి. ఆ పూట మధ్యాహ్న భోజనం గంటకు బయటికెళ్లిన పిల్లాడు మళ్లీ లోపలికి రాడు. వారం తర్వాత "వాడికి చదువు మీద ధ్యాస లేదండీ" అని నాకు ఫోనొస్తుంది.

అందుకే బడికి పంపేముందే పిల్లాడితో ఒక జవాబు అనుకుంటాం. "ఇన్నాళ్లూ ఎక్కడికి పోయావురా?" అని ఎవరడిగినా "ఇంట్లో ఇబ్బందులుండె, ఇప్పుడు వచ్చేశా" అనాలి. రెండు మూడుసార్లు పైకి అనిపిస్తాను. మొదటి రోజు టీచరు చేయాల్సింది కూడా చిన్నదే: "వచ్చావుగా, కూర్చో" అని పాఠం మొదలుపెట్టడం.

అపోహ: కేసు మచ్చ పోదు, ఉద్యోగం రాదు, ఇంక చదువెందుకు?

తండ్రులు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. జువైనల్ జస్టిస్ చట్టం 24వ సెక్షన్ ప్రకారం ఆ చట్టం కింద తేలిన కేసు వల్ల పిల్లాడికి ఏ అనర్హతా అంటదు. అప్పీలు గడువు దాటాక రికార్డులు తీసేయాలి. ముగిసిన కేసు వివరాలను క్యారెక్టర్ సర్టిఫికెట్ కోసం పోలీసులు బయటపెట్టకూడదు. మినహాయింపు ఒకటుంది: పదహారు దాటినవాడిపై అతి తీవ్రమైన నేరం ఉండి, బాలల కోర్టు పెద్దవాళ్లలాగే విచారించి, నేరం చేశాడని తేలిస్తే ఈ రక్షణ వర్తించదు.

అపోహ: బెయిలొచ్చాక బడి సంగతి చూసుకోవచ్చు.

అప్పటికే ఆలస్యమైపోతుంది. పిల్లాడు హోమ్‌లో అడుగుపెట్టిన వారంలోనే బడికి ఫోన్ చేసి, దీర్ఘకాల గైర్హాజరు కింద పేరు కొట్టేయకుండా చూసుకోవాలి. పుస్తకాలు హోమ్‌కు తెప్పించాలి. టెన్త్ పిల్లాడైతే పరీక్ష ఫీజు గడువు ఎప్పుడో కనుక్కుని కట్టించాలి. హోమ్‌లో ఉండగానే పరీక్షలొస్తే జువైనల్ జస్టిస్ బోర్డు అనుమతితో సెంటరుకు తీసుకెళ్లవచ్చు. వెంట వెళ్లేవాళ్లు మఫ్టీలో వెళ్లాలని నేను పట్టుబడతాను.

బయటికొచ్చాక వాయిదాలు మొదలవుతాయి. వాయిదా ఉన్న ప్రతిసారీ బడి పోతుంది, లీవు లెటర్లో ఏం రాయాలో పిల్లాడికి తెలియదు. "ఇంటి పని" అని రాసి తండ్రి సంతకం పెడితే సరిపోతుంది. పరీక్షల రోజుల్లో వాయిదా పడకుండా ముందే బోర్డును అడగాలి. యూనిఫాం కూడా చూడండి. కొన్ని నెలల్లో ఈ ఈడు పిల్లలు ఎదిగిపోతారు. ప్యాంటు చీలమండ పైకి వస్తే సిగ్గుతో బడి మానేసినవాళ్లున్నారు.

అపోహ: వయసు మీరింది, ఓపెన్ టెన్త్ కట్టిస్తే సరి.

ఓపెన్ స్కూల్ మంచి దారే. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండు రాష్ట్రాల్లోనూ ఓపెన్ స్కూల్ సొసైటీలున్నాయి, పద్నాలుగేళ్లు నిండితే టెన్త్‌కు కట్టవచ్చు. కానీ తరగతులు సెలవు రోజుల్లోనే ఉంటాయి. మిగతా వారమంతా పిల్లాడు పాత స్నేహితుల మధ్యే తిరుగుతాడు. ఒక్క ఏడాదే వెనకబడినవాణ్ని రెగ్యులర్ బడిలోనే ఉంచమంటాను. మూడేళ్లు వెనకబడినవాడికి, ఇంటి కోసం పనికి వెళ్లక తప్పనివాడికి ఓపెన్ టెన్త్ కట్టించి, పక్కనే ఏదో ఒక పని నేర్పిస్తాం. టెన్త్ గట్టెక్కితే ఐటీఐలో చాలా ట్రేడ్లకు దారి ఉంటుంది.