పన్ను కట్టిన పేకాట డబ్బుకు ఇంటి లోన్ ఎందుకు రాదు?

మా బంధువుల అబ్బాయి ఒకడు బెంగళూరులో ఉద్యోగం చేస్తూ ఆన్‌లైన్ రమ్మీలో కొంత డబ్బు గెలిచాడు. రిటర్న్స్‌లో చూపించి పన్ను కూడా కట్టాడు. తర్వాత కడపకు వచ్చి, ఎర్రముక్కపల్లెలో ఇల్లు కొందామని లోన్‌కు వెళ్తే బ్యాంకులో జీతం ఒక్కటే లెక్కలోకి తీసుకున్నారు. "మామా, పన్ను తీసుకునేటప్పుడు సంపాదన అయింది, లోన్ అడిగితే ఎందుకు కాలేదు?" అని నన్ను అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. జవాబు కోసం చాలా వెనక్కి వెళ్లాలి.

1872 నాటి కాంట్రాక్టు చట్టంలో 30వ సెక్షన్ పందెం ఒప్పందం చెల్లదని చెబుతుంది. గెలిచిన డబ్బు ఎదుటివాడు ఇవ్వకపోతే కోర్టుకు వెళ్లి రాబట్టుకోలేం. జీతం ఆగితే అడిగే హక్కుంది, అద్దె ఆగితే అడిగే హక్కుంది, పందేనికి అది లేదు. 20 ఏళ్లు ఈఎంఐ కట్టించుకోవాల్సిన బ్యాంకు ముందుగా చూసేది ఆ డబ్బు వచ్చే నెల కూడా వస్తుందా అనే.

ఇక నేరం సంగతి. మద్రాసు కింద ఉన్నప్పుడు మన సీమ జిల్లాలకు 1930 నాటి గేమింగ్ చట్టం ఉండేది. దాని స్థానంలో 1974లో ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం వచ్చింది. మట్కా చీటీలు రాసేవాళ్లను, పేకాట శిబిరాలను పోలీసులు పట్టుకునేది ఈ చట్టం కిందే. ఆడేవాళ్లే కాదు, ఆటకు ఇల్లు ఇచ్చినవాళ్లూ ఇందులో ఇరుక్కుంటారు. అద్దెకు ఇల్లు అడిగినప్పుడు ఓనర్లు "ఏం పని చేస్తారు?" అని గుచ్చి గుచ్చి అడగడం వెనక ఈ భయం కూడా ఉంది. అడ్వాన్స్ ఎంత ఇస్తామన్నా, రేపు తన ఇంటి మీద పోలీసు రైడ్ జరిగిందని పేపర్లో రావడం ఎవరికి ఇష్టం?

రమ్మీది మాత్రం వేరే దారి. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో 1967లో సుప్రీంకోర్టు అది ప్రధానంగా నైపుణ్యం మీద నడిచే ఆట అంది, అంటే జూదం కాదని. యాప్‌ల వాళ్లు ఏళ్ల తరబడి చూపించింది ఈ తీర్పునే. మా అబ్బాయి కూడా దాన్నే నమ్మాడు.

పన్ను శాఖ దారి ఇంకోటి. లాటరీ, పేకాట, పందేల గెలుపును 1972లో ఆదాయం నిర్వచనంలో చేర్చారు. 1986లో దానికి ప్రత్యేక రేటు పెట్టారు, ఇప్పుడది 30 శాతం. డబ్బు ఎలా వచ్చిందన్నది పన్నుకు అడ్డు కాదు. చట్టవిరుద్ధమైన సంపాదన మీద కూడా పన్ను పడుతుంది, పన్ను కట్టినంత మాత్రాన అది సక్రమం కాదు. అంతకంటే ముఖ్యమైనది, మా అబ్బాయికి అసలు తెలియనిది ఇంకొకటుంది. మా అబ్బాయి గెలిచిన నాటి పాత పద్ధతిలో గెలుపులోంచి ఖర్చులు తీసేయడానికి లేదు, ఓటమిని గెలుపుతో సర్దుకోవడానికీ లేదు. రిటర్న్‌లో 3 లక్షల గెలుపు కనిపిస్తే, అదే ఏడాది 4 లక్షలు పోయాయా లేదా అన్నది ఆ కాగితం చెప్పదు. ఆన్‌లైన్ ఆటలకు, పెట్టింది పోను మిగిలిన నికర గెలుపు లెక్క 2023 ఏప్రిల్ నుంచే వచ్చింది. కాబట్టి ఆ అంకెను పక్కన పెట్టిన మేనేజర్‌ను తప్పుపట్టలేను.

మరోపక్క ఆ ఆటలకు తలుపులు వరసగా మూసుకున్నాయి. 2020 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆన్‌లైన్ రమ్మీ, పోకర్‌లను నిషేధించింది. ఆడినవారికీ జైలు శిక్ష పెట్టింది. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ దేశమంతటా నిషేధించే చట్టం చేసింది. అందులో ఆడినవారికి శిక్ష లేదు, నడిపినవారికి 3 ఏళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ఆ ఆటల చెల్లింపులు జరపకూడదని బ్యాంకులకు కూడా ఆ చట్టమే చెప్పింది. నైపుణ్యమా, అదృష్టమా అన్న తేడా కూడా అక్కడ పనిచేయదు.

నన్ను బాధపెట్టేది ఆ గెలుపును లెక్కలోకి తీసుకోకపోవడం కాదు. నెలనెలా జీతం వచ్చే పిల్లల స్టేట్‌మెంట్‌లో కూడా యాప్‌లకు పంపిన 500, 1,000 వరసగా కనిపిస్తే, నిజమైన సంపాదన మీద కూడా అనుమానం వస్తుంది. లోన్ అడిగేదాకా ఈ సంగతి ఇంట్లో అమ్మానాన్నలకు తెలియదు.

30 లక్షల లోపు లోన్‌కు బ్యాంకు ఇంటి విలువలో 90 శాతానికి మించి ఇవ్వదు. మిగతాది మన చేతి నుంచి పెట్టుకోవాలి. మా అబ్బాయి రమ్మీ డబ్బులో మిగిలింది పన్ను కాగితాలతో సహా ఆ వాటాకు పోయింది. లోన్ జీతం మీదే వచ్చింది, అనుకున్నదానికంటే ఒక గది తక్కువ ఇంటికి.