చెవి కణాలను ల్యాబులో పెంచడం ఎలా?

ప్రియమైన పిల్లలూ,

కొన్ని మందుల వల్ల చెవుడు వస్తుందని మీరు వినే ఉంటారు. క్యాన్సర్‌కి ఇచ్చే సిస్ప్లాటిన్, మొండి క్షయకి చాలాకాలం ఇచ్చిన కనామైసిన్ ఇంజెక్షన్లు అలాంటివే. ఇవి లోపలి చెవిలోని రోమకణాలను చంపుతాయి. శబ్దపు కదలికను నరానికి అందే సంకేతంగా మార్చేవి ఆ కణాలే. మనిషికి ఒక్కో చెవిలో సుమారు 15 వేలు ఉంటాయి. లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకొని ఉండే కాక్లియాలో ఒకటి చచ్చిపోతే దాని చోట మరొకటి పుట్టదు. కోడిపిల్లకు పుడుతుంది, చేపకు పుడుతుంది, మనకు మాత్రం ఆ అదృష్టం లేదు.

వాటిని కాపాడే మందు దొరకాలంటే వందలకొద్దీ రసాయనాలను పరీక్షించాలి. చుంచెలుక కాక్లియాలో ఉండే రోమకణాలు 3 వేలకు అటూ ఇటూ, అవీ ఎముక లోపల. బయటికి తీస్తే కొద్ది రోజులే బతుకుతాయి, విభజన చెందవు. అందుకే ఎంతకాలమైనా పెరుగుతూ పోయే సెల్ లైన్ కావలసి వచ్చింది.

దానికి దారి చూపింది 1991లో లండన్‌లో తయారైన ఒక రకం చుంచెలుక. దాని ప్రతి కణంలోనూ ఎస్‌వీ40 అనే కోతి వైరస్ జన్యువు ఉంటుంది. ఆ జన్యువు చేసే టీ యాంటిజెన్ అనే ప్రొటీన్ 33 డిగ్రీల దగ్గర పనిచేస్తూ కణాన్ని విభజిస్తూ పోతుంది, 39 డిగ్రీల దగ్గర చెడిపోతుంది, దాంతో విభజన ఆగుతుంది. అమెరికాలో లాస్ ఏంజెలెస్‌లోని హౌస్ ఇయర్ ఇన్‌స్టిట్యూట్‌లో కాలినెక్ అనే శాస్త్రవేత్త బృందం ఈ రకానికి చెందిన 7 రోజుల పిల్లల కాక్లియా నుంచి హెచ్‌ఈఐ-ఓసీ1 అనే లైన్ తయారుచేసి, 2003లో ప్రచురించింది. ప్రెస్టిన్, మయోసిన్ 7ఏ అనే ప్రొటీన్ల వంటి రోమకణాల గుర్తులు ఇందులో కనిపిస్తాయి.

దీన్ని పెంచాలంటే గ్లూకోజ్ ఎక్కువున్న డీఎంఈఎం అనే పోషక ద్రవంలో 10 శాతం దూడ సీరం (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం) కలిపి, 33 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో, 10 శాతం కార్బన్ డయాక్సైడ్‌లో ఉంచాలి. మామూలు ల్యాబుల్లో వాడే 5 శాతం ఇక్కడ ఎందుకు చాలదు? ఈ ద్రవంలో బైకార్బొనేట్ ఎక్కువ. వాయువు తక్కువైతే ద్రవం క్షారంగా మారుతుంది, ఎర్రగా ఉండాల్సింది గులాబీ-ఊదా రంగుకు తిరుగుతుంది. ఇంక్యుబేటర్ తెర మీది అంకెను నమ్మకండి, లోపల వేరే థర్మామీటరు పెట్టి చూడండి. పొరపాటున 37 డిగ్రీల దాంట్లో పెడితే కణాలు అటూ ఇటూ కాని స్థితిలో పడతాయి.

ఫ్లాస్క్ అడుగు 80 శాతం నిండాక విడదీయాలి. ముందు ఫాస్ఫేట్ ఉప్పునీళ్లతో కడగాలి, లేకపోతే మిగిలిన సీరం, కణాలను అడుగు నుంచి ఊడదీసే ట్రిప్సిన్ అనే ఎంజైమ్‌ను అడ్డుకుంటుంది. ట్రిప్సిన్ పోసి రెండు మూడు నిమిషాలు ఆగి, కణాలు ఊడగానే సీరం ఉన్న ద్రవం పోసి ఆపాలి. మొదటి తరాల్లోనే కొన్ని గొట్టాలను గడ్డకట్టేటప్పుడు కణాలను కాపాడే డీఎంఎస్‌ఓ అనే ద్రవాన్ని 10 శాతం కలిపి, నిమిషానికి ఒక డిగ్రీ చొప్పున చల్లబరిచి, ద్రవ నైట్రోజన్‌లో దాచుకోండి. తరాలు పెరిగేకొద్దీ కణాల స్వభావం మారుతుంది.

ఒక్క మాట గట్టిగా గుర్తుపెట్టుకోండి. కణాలు పెంచే ల్యాబుల్లో బాక్టీరియా పెరగకుండా అలవాటుగా కలిపే పెనిసిలిన్-స్ట్రెప్టోమైసిన్ జంటను ఇక్కడ కలపకూడదు. స్ట్రెప్టోమైసిన్, జెంటామైసిన్ వంటి యాంటీబయాటిక్‌లు చెవికి విషం. మనం కొలవబోయే హానిని మనమే ముందుగా పోసినట్టవుతుంది. అవసరమైతే పెనిసిలిన్ ఒక్కటే చాలు. కానీ కణాల్లో చేరే మైకోప్లాస్మా అనే అతిచిన్న బాక్టీరియాకు కణకవచం లేదు కాబట్టి పెనిసిలిన్ దాన్ని ఆపలేదు, మామూలు సూక్ష్మదర్శినిలో అది కనిపించనూ కనిపించదు. క్రమం తప్పకుండా దాని డీఎన్‌ఏను పట్టే పీసీఆర్ పరీక్ష చేయించాల్సిందే.

మందు పరీక్షకు 96 గుంటల పళ్లెంలో గుంటకు సుమారు 5 వేల కణాలు వేస్తారు. మందు ఇచ్చాక ఎంటీటీ అనే పసుపు రంగు పోస్తే, బతికున్న కణాలు దాన్ని ఊదాగా మారుస్తాయి. ఆ రంగును 570 నానోమీటర్ల దగ్గర కొలుస్తారు. అంచు గుంటల్లో నీరు త్వరగా ఆవిరవుతుంది కాబట్టి వాటిలో ఉత్త ద్రవమే నింపండి.

వచ్చిన అంకెను అర్థం చేసుకోవడమే అసలు కష్టం. టీ యాంటిజెన్ పీ53 అనే ప్రొటీన్‌ను పట్టి ఉంచుతుంది. సిస్ప్లాటిన్ కణాన్ని చంపే దారుల్లో పీ53 ముఖ్యమైనది. అంటే 33 డిగ్రీల దగ్గర ఆ దారిలో ఒక భాగం మూసి ఉన్నట్టే. పోనీ 39కి మారిస్తే మందు లేకుండానే చాలా కణాలు చస్తాయి. అందుకే అదే ఉష్ణోగ్రతలో మందు ఇవ్వని కణాలను పక్కన పెట్టి పోల్చకపోతే ఆ ఫలితానికి విలువ ఉండదు.

జెంటామైసిన్ విషయం ఇంకా చిక్కు. నిజమైన రోమకణంలోకి అది చాలావరకు తల మీది రోమాల కొనల్లోని అయాన్ ద్వారాల గుండా దూరుతుంది. హెచ్‌ఈఐ-ఓసీ1కు ఆ రోమాల కుచ్చే లేదు. అందుకే దాన్ని చంపడానికి మోతాదు బాగా పెంచాల్సి వస్తుంది. ఆ ద్వారాన్ని మూసి చెవిని కాపాడే మంచి మందు ఒకటి ఉన్నా, ఈ లైన్ దాన్ని పట్టుకోలేదు. అలాంటి మందు కోసం జీబ్రా చేప పిల్లలను చూడాలి. వాటి రోమకణాలు ఒంటి మీదే, నీళ్లకు తగిలేటట్టు ఉంటాయి. అక్కడ నిలిచిన రసాయనాన్ని అప్పుడే పుట్టిన చుంచెలుక పిల్ల కాక్లియా ముక్క మీద మళ్లీ పరీక్షిస్తారు.

ప్రేమతో,
మీ పెద్దమ్మ