తట్టితే పలికే ట్యూబు

ట్యూబ్ యాంప్లిఫైయర్ (లోపల గాలి తీసేసిన గాజు ట్యూబులతో సిగ్నల్‌ని పెంచి స్పీకర్‌కి పంపే పెట్టె) ఆన్ చేసి, పాట ఏదీ పెట్టకుండా వోల్యూమ్ మాత్రం సగం దాకా తిప్పి ఉంచండి. పెన్సిల్ వెనక ఉండే రబ్బరుతో మొదటి చిన్న ట్యూబు గాజు మీద ఒక్కసారి మెల్లగా తట్టండి. స్పీకర్లోంచి శబ్దం వస్తుంది. మంచి ట్యూబైతే పొడిగా ‘టప్’మని అక్కడితో ఆగిపోతుంది. కొన్ని ట్యూబులు మాత్రం ‘టింగ్‌ంగ్‌ంగ్’ అంటూ కాసేపు మోగుతూనే ఉంటాయి.

ఆ శబ్దం గాజు నుంచి నేరుగా చెవికి వచ్చింది కాదు. మనం తట్టిన దెబ్బ ట్యూబు లోపల విద్యుత్ సిగ్నల్‌గా మారి, యాంప్లిఫైయర్ మొత్తం దాటుకుని స్పీకర్‌కి చేరింది. ఆ ఒక్క క్షణం ట్యూబు మైక్రోఫోన్ అయింది. ఈ గుణాన్నే మైక్రోఫోనిక్స్ అంటారు. ఇది లేని ట్యూబు లేదు. తేడా అంతా ఎంత ఉంది, యాంప్లిఫైయర్లో ఏ చోట ఉంది అన్న దాంట్లోనే.

ట్యూబు పనంతా దూరాల మీద ఆధారపడి నడుస్తుంది. మధ్యలో సన్నటి గొట్టంలా ఉండే కేథోడ్ బాగా వేడెక్కి ఎలక్ట్రాన్లను వదులుతుంది. దాని చుట్టూ, రెండు నిలువు కడ్డీలకు వరసగా చుట్టిన అతి సన్నని తీగే గ్రిడ్. అన్నిటికన్నా బయట ప్లేటు ఉంటుంది. కేథోడ్ నుంచి ప్లేటుకి పోయే ఎలక్ట్రాన్లను గ్రిడ్ మీది వోల్టేజి అదుపు చేస్తుంది. గ్రిడ్ కేథోడ్‌కి ఎంత దగ్గరగా ఉంటే దాని పట్టు అంత ఎక్కువ. అందుకే వాటి మధ్య ఎడాన్ని తగ్గించుకుంటూ వచ్చారు. ఈసీసీ88 లాంటి ట్యూబుల్లో అది మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండదు.

ఇప్పుడు ఆ గ్రిడ్ వణికిందనుకోండి. ఎడం మారుతుంది, దాంతో కరెంటూ మారుతుంది. ఆ మార్పు సంగీతం తెచ్చిన వోల్టేజి వల్ల వచ్చిందా, తీగ కదలడం వల్ల వచ్చిందా అన్నది తర్వాతి స్టేజికి, అంటే సిగ్నల్‌ని ఇంకాస్త పెంచే తర్వాతి మెట్టుకి, తెలిసే వీలే లేదు. రెంటినీ ఒకే రకంగా పెంచి ముందుకు పంపేస్తుంది. ఈ గుణాన్నే పనికి పెట్టుకున్న ట్యూబు కూడా ఒకటుంది, అమెరికా కంపెనీ ఆర్సీఏ వారి 5734. అందులో ప్లేటుకి అతికిన చిన్న కడ్డీ ఒక పల్చని లోహపు పొర గుండా బయటికి వస్తుంది. బయట కడ్డీ కదిలితే లోపల ప్లేటు కదిలి కరెంటు మారుతుంది. కంపనాలను కొలవడానికే దాన్ని తయారు చేశారు.

ఆ మోత అంతసేపు ఎందుకు సాగుతుందన్నది ఇందులో నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించే సంగతి. తంబురా తీగ మీటితే దాని ఊపులో కొంత చుట్టూ ఉన్న గాలి లాగేసుకుంటుంది. ట్యూబు లోపల ఆ గాలే లేదు. వణుకు తగ్గాలంటే ఆ శక్తి కడ్డీల మీదుగా, వాటిని పైనా కిందా పట్టి ఉంచే మైకా (అభ్రకం) బిళ్లల్లోకి, అక్కడి నుంచి గాజులోకి పోవాలి. కాబట్టి మైకా రంధ్రాల్లో కడ్డీలు ఎంత బిగుతుగా కూర్చున్నాయన్నదే అసలు విషయం. ఏళ్ల తరబడి వేడెక్కుతూ చల్లారుతూ ఉంటే ఆ బిగువు సడలుతుంది. కొత్తలో నిశ్శబ్దంగా ఉన్న ట్యూబు తర్వాత గోల మొదలుపెట్టడానికి చాలాసార్లు కారణం ఇదే.

చోటు సంగతికి వద్దాం. మూవింగ్ మాగ్నెట్ రకం కార్ట్రిడ్జ్ (సూది కదలికను సిగ్నల్‌గా మార్చే భాగం) ఉన్న రికార్డ్ ప్లేయర్ ఇచ్చే సిగ్నల్ సుమారు 5 మిల్లీవోల్టులు. పాటలో సన్నగా వినిపించే చోట్ల అది వెయ్యో వంతుకి, అంటే 5 మైక్రోవోల్టులకి పడిపోవచ్చు. రికార్డ్ ప్లేయర్ సిగ్నల్‌ని మొదటగా పెంచే ఫోనో స్టేజిలో మొదటి ట్యూబు అందుకునేది ఇంత చిన్న సిగ్నల్ని. అక్కడ గ్రిడ్ వణుకు కొన్ని మైక్రోవోల్టులకు సమానమైనా చెవికి తెలిసిపోతుంది. అదే చివర స్పీకర్‌ని నడిపే పవర్ ట్యూబు దగ్గరికి వచ్చేసరికి సిగ్నల్ పదుల వోల్టుల్లో ఉంటుంది, కాబట్టి అంతే వణుకు లెక్కలోకే రాదు.

వోల్యూమ్ పెంచినప్పుడు సమస్య ఇంకో మెట్టు ఎక్కుతుంది. స్పీకర్ శబ్దం గాల్లోంచీ, నేల మీదుగానూ ట్యూబుని కదుపుతుంది. ఆ కదలిక మళ్లీ సిగ్నలై స్పీకర్‌కే పోతుంది. తిరిగొచ్చేది పోయినదానికన్నా ఎక్కువైతే ఇక ఆగదు, తీగకు సహజమైన పౌనఃపున్యం దగ్గర కూత మొదలవుతుంది. రికార్డ్ ప్లేయర్ సూది వల్ల కూడా ఇలాంటి కూతే రావచ్చు కాబట్టి ఏది ఏదో తేల్చుకోవాలి. సూదిని రికార్డ్ మీంచి ఎత్తేయండి. కూత ఆగిపోతే తప్పు ప్లేయర్‌ది, ఆగకపోతే ట్యూబుని అనుమానించాలి.

1920లలో బ్యాటరీ రేడియోలు వాడినవాళ్లకు ఈ కూత బాగా తెలుసు. ఆ కాలపు ట్యూబుల్లో విడిగా కేథోడ్ ఉండేది కాదు, వేలాడే సన్నని ఫిలమెంటే (వేడెక్కే తీగ) ఎలక్ట్రాన్లను వదిలేది. స్పీకర్ శబ్దానికి అది ఊగేది. దాన్ని ఆపడానికి స్ప్రింగుల మీద కూర్చునే సాకెట్లు వచ్చాయి, ట్యూబు నెత్తిన బరువైన సీసపు టోపీలు పెట్టారు. రెండో ప్రపంచ యుద్ధంలో ఇంకా కఠినమైన పరీక్ష ఎదురైంది. లక్ష్యం దగ్గరికి రాగానే దానంతటదే పేలే ప్రాక్సిమిటీ ఫ్యూజ్ కోసం చిన్న ట్యూబులను ఫిరంగి గుండులో పెట్టి పేల్చారు. భూమ్యాకర్షణకు దాదాపు 20,000 రెట్ల తాకిడిని తట్టుకోవడం ఒక ఎత్తు. తిరుగుతూ దూసుకుపోయే గుండులో ట్యూబు వణికి, ఆ వణుకే లక్ష్యం నుంచి వచ్చిన సిగ్నల్‌లా కనిపించకుండా చూడటం ఇంకో ఎత్తు. తర్వాత వచ్చిన ఈఎఫ్86ని తక్కువ రొద, తక్కువ మైక్రోఫోనిక్స్ కోసమే రూపొందించారు. టేప్ రికార్డర్లలో, మైక్ సిగ్నల్‌ని పెంచే ప్రీయాంప్‌లలో దాన్ని విరివిగా వాడారు.

ట్రాన్సిస్టర్‌లో ఎలక్ట్రాన్లు గట్టి స్ఫటికం లోపలే కదులుతాయి, వణకడానికి తీగలుండవు. అయితే విద్యుత్తును నిలవ ఉంచే సిరామిక్ కెపాసిటర్లలో కొన్ని రకాలు ఒత్తిడికి వోల్టేజి పుట్టిస్తాయి. ట్యూబు మార్చినా తట్టినప్పుడు మోత పోలేదంటే అలాంటి కెపాసిటర్నో, విరిగిన సోల్డరునో వెతకాలి.

గాజు చుట్టూ తొడిగే సిలికోన్ రింగులు బాగా అమ్ముడుపోతాయి. నా అభిప్రాయంలో వాటి మీద మరీ ఆశ పెట్టుకోకూడదు. గాజు వణుకుని అవి కొంత తగ్గిస్తాయి. లోపల వదులైన కడ్డీని బిగించలేవు. యాంప్లిఫైయర్ని స్పీకర్‌కి దూరంగా, కదలని బల్ల మీద పెడితే అంతకన్నా ఎక్కువ మేలు, పైగా ఖర్చు లేదు.

12ఏఎక్స్7 లాంటి చిన్న ట్యూబు మైక్రోఫోనిక్ అయిందని వెంటనే పారేయనక్కర్లేదు. ఎడమ స్పీకర్లోనే మోత వస్తుంటే, రెండు చానెళ్లకు వేర్వేరు ట్యూబులున్న యాంప్లిఫైయర్లో వాటి చోట్లు మార్చి చూడండి. మోత కుడివైపుకి వెళ్లిందంటే దోషి దొరికినట్టే. మార్చే ముందు మాత్రం స్విచ్ ఆపి, ట్యూబులు చల్లారనివ్వాలి. చాసిస్ (యాంప్లిఫైయర్ లోహపు పెట్టె) లోపల వందల వోల్టులుంటాయి, ఆపేశాక కూడా కెపాసిటర్లలో కొంతసేపు నిలిచి ఉంటాయి, కాబట్టి లోపల చెయ్యి పెట్టొద్దు. అదే రకం ట్యూబు పవర్ ట్యూబులకు ముందు స్టేజిలోనూ ఉంటే, మోగేదాన్ని అక్కడికి పంపి, అక్కడి నిశ్శబ్దమైన ట్యూబుని మొదటి సాకెట్లో పెట్టుకోండి. పవర్ ట్యూబుల ముందు సిగ్నల్ పెద్దది కాబట్టి, కూత పెట్టిన ఆ ట్యూబే ఇంకొన్నేళ్లు హాయిగా పనిచేయవచ్చు.