పొట్ట పెరిగితే గాలిగొట్టాలు ఎందుకు ముడుచుకుంటాయి?

"మా అక్కకు చిన్నప్పుడు ఉబ్బసం లేదు. నలభై దాటి ఒళ్ళు చేశాక మొదలైంది. నిజంగా లావు వల్లే వస్తుందా, లేక ఏ జబ్బుకైనా డాక్టర్లు లావునే తిడతారా?" అని తిరుచానూరు నుంచి ఒకావిడ అడిగారు.

తిట్టడం మాట నిజమే గానీ, ఈ విషయంలో లెక్క డాక్టర్ల వైపే ఉంది. 3 లక్షల 33 వేల మందికి సంబంధించిన ఏడు అధ్యయనాలను కలిపి 2007లో ఒక విశ్లేషణ చేశారు. స్థూలకాయం ఉన్నవాళ్ళకు కొత్తగా ఉబ్బసం వచ్చే అవకాశం దాదాపు రెట్టింపని తేలింది.

ఉబ్బసం అంటే ఏమిటో ఇక్కడ చెప్పను. రాత్రిళ్ళు పిల్లికూతలు విన్న ఇంట్లో అది తెలియనివాళ్ళు ఉండరు. నన్ను పట్టుకున్న ప్రశ్న వేరు. పొట్ట దగ్గరి కొవ్వుకూ ఛాతీ లోపలి గొట్టానికీ ఏం సంబంధం?

బడిలో ఊపిరితిత్తుల బొమ్మ గీయించి భాగాలు గుర్తించమంటారు, మార్కులు వేస్తారు. ఆ చిన్న గొట్టాలు మూసుకుపోకుండా ఎలా నిలబడ్డాయని మాత్రం ఏ మాస్టారూ అడగరు. పెద్ద గొట్టాలకు మృదులాస్థి ఊతం ఉంది. చివరి చిన్న గొట్టాలకు అదీ లేదు. చుట్టూ ఉన్న వాయుగోణుల (బుల్లి గాలి సంచుల) గోడలు వాటిని అన్ని వైపుల నుంచీ లాగి పట్టుకుంటాయి.

గంగజాతరకు వీధిలో వేసే షామియానానే తీసుకోండి. గుడ్డ తనంతట తాను నిలబడదు. నాలుగు వైపులా తాళ్ళు బిగించి గూటాలకు కడతారు. గూటాలు దూరంగా ఉన్నంతసేపూ గుడ్డ విప్పారి ఉంటుంది. వాటిని లోపలికి జరిపితే తాళ్ళు వదులై గుడ్డ కిందికి జారుతుంది. వాయుగోణుల గోడలే ఆ తాళ్ళు. ఊపిరితిత్తి పొంగినప్పుడు బిగుస్తాయి, చిన్నదైనప్పుడు సడలుతాయి.

పొట్టలో కొవ్వు పేరుకుంటే ఉదరవితానాన్ని, అంటే పొట్టకూ ఛాతీకీ మధ్య ఉండే కండరాల పొరను, పైకి నెడుతుంది. ఛాతీ మీది కొవ్వు బయటి నుంచి నొక్కుతుంది. అంటే గూటాలు లోపలికి జరిగాయన్నమాట. మామూలుగా ఊపిరి వదిలాక కూడా ఊపిరితిత్తుల్లో రెండు లీటర్లకు పైగా గాలి మిగలాలి. బాడీ మాస్ ఇండెక్స్ (ఎత్తుకు తగ్గ బరువును చూసే లెక్క) 20 ఉన్నవాళ్ళతో పోలిస్తే 30 ఉన్నవాళ్ళకు ఈ మిగులు సుమారు పాతిక శాతం తక్కువని 2006లో వచ్చిన ఒక అధ్యయనం చూపింది. ఆ తర్వాత ఇంకా బలవంతంగా బయటికి ఊదగలిగిన గాలైతే సగానికన్నా తక్కువ.

గుడ్డ జారడంతో కథ అయిపోదు. గొట్టం చుట్టూ నున్నటి కండరం ఉంది. దుమ్ముకో, చలిగాలికో అది బిగుసుకోబోతే ఎదురులాగి ఆపేది ఈ తాళ్ళే. తాళ్ళు వదులైతే దానికి అడ్డేముంది? పైగా మనం మధ్యమధ్య తీసే నిట్టూర్పులు తాళ్ళను ఒక్కసారి గట్టిగా గుంజుతాయి. ఆ గుంజుడుకు కండరంలోని యాక్టిన్, మయోసిన్ పోగుల మధ్య లంకెలు తెగి, కండరం సడలుతుంది. లావుగా ఉన్నవాళ్ళ శ్వాస చిన్నచిన్నగా, వేగంగా ఉంటుంది కాబట్టి గుంజుడు తక్కువ. లంకెలు తెగవు, కండరం పొట్టిగా, బిరుసుగా ఉండిపోతుంది. గొట్టం వ్యాసార్థం సగమైతే గాలికి నిరోధం రెండింతలు కాదు, పదహారింతలు! నాలుగో ఘాతం లెక్క అది. వెల్లకిలా పడుకుంటే పొట్ట ఇంకా పైకి నెడుతుంది కాబట్టి రాత్రి కష్టం ఎక్కువ.

కొవ్వు ఊరికే కూర్చునే సరుకూ కాదు. 1994లో కనుగొన్న లెప్టిన్ అనే హార్మోన్‌ను అదే తయారుచేస్తుంది, వాపును పెంచే ఇంటర్‌ల్యూకిన్-6నూ వదులుతుంది. పెద్ద వయసులో, ముఖ్యంగా ఆడవాళ్ళకు, లావుతో పాటు వచ్చే ఉబ్బసంలో అలర్జీ పాత్ర తరచూ తక్కువ. ఇన్‌హేలర్‌లోని స్టెరాయిడ్ కొందరికి అంతగా పనిచేయకపోవడానికి అదొక కారణం. అంతమాత్రాన పంపు మానేయకండి! మృగశిర కార్తెకు చేపమందు కోసం హైదరాబాద్ బండెక్కకండి. అది ఉబ్బసాన్ని తగ్గిస్తుందని సరైన పరీక్షలో రుజువు కాలేదు. శరీర బరువులో 5 నుంచి 10 శాతం తగ్గినా చాలామందికి ఉబ్బసం అదుపులోకి వస్తుందని మాత్రం రుజువుంది. గూటాలు వెనక్కి జరుగుతాయి మరి.

చక్రం రెండో వైపూ తిరుగుతుంది. ఆయాసానికి భయపడి నడక మానేస్తారు, స్టెరాయిడ్ మాత్రలతో ఆకలి పెరుగుతుంది, ఒళ్ళు ఇంకా వస్తుంది.

అలాగని ఆయాసమంతా ఉబ్బసం కాదు. అలిపిరి నుంచి 3,550 మెట్లెక్కుతుంటే మోకాళ్ళ పర్వతం దగ్గర బక్కవాళ్ళకూ ఆయాసమే. తేల్చుకోవడానికి స్పైరోమెట్రీ చేస్తారు, అంటే ఒక గొట్టంలోకి ఊదించి గాలిని కొలుస్తారు. అందులో ఒక చిక్కుంది. ఊదే ముందు ఊపిరి నిండా తీసుకోమంటారు కదా, ఆ ఒక్క ఊపిరితోనే వదులైన తాళ్ళు కొంత బిగుస్తాయి. అందుకే రిపోర్టు నార్మల్‌గా వచ్చినా పిల్లికూతలు తగ్గకపోతే, మామూలుగా ఊపిరి పీలుస్తుండగానే నిరోధాన్ని కొలిచే ఆసిలోమెట్రీ గురించి ఊపిరితిత్తుల డాక్టర్ను అడగమని మీ అక్కకు చెప్పండి.