నల్లబడిన వెండి రూపాయిని తోమవచ్చా?

పలమనేరు దగ్గరి ఒక పల్లె నుంచి వచ్చిన ప్రశ్న ఇది. ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న మెటల్ డిటెక్టర్‌తో సొంత మామిడితోటలో వెతుకుతుంటే జానెడు లోతున ఒక వెండి రూపాయి దొరికిందట. ఒకవైపు విక్టోరియా రాణి ముఖాన్ని పోల్చుకోవచ్చు గానీ తక్కినదంతా నల్లటి పొర. విభూతి వేసి తోమమని అమ్మ, చింతపండు పెట్టి రుద్దమని అవ్వ పట్టుబడుతున్నారు, ఏది మేలు అని ఆ పాఠకుడి సందేహం. రెండూ మేలు కావు. ఎందుకు కావో తెలియాలంటే ముందు ఆ నలుపు ఏమిటో తెలియాలి.

అంతకన్నా ముందు చట్టం సంగతి. నేలలో దాగి ఉన్న, పది రూపాయలకు మించిన విలువ గల వస్తువు ఏది దొరికినా, దొరికిన చోటు, తేదీ, విలువ రాసి కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి నిధుల చట్టం చెబుతోంది. దాచిపెడితే ఏడాది వరకూ జైలుశిక్ష పడవచ్చు. చంద్రగిరి కోట వంటి రక్షిత కట్టడాల దగ్గర అనుమతి లేకుండా తవ్వడం 1958 చట్టం ప్రకారం మరో నేరం. కాబట్టి డిటెక్టర్ సొంత తోట దాటకపోవడమే క్షేమం.

ఇక డిటెక్టర్ వెండిని ఎలా పసిగడుతుందంటే, దాని తీగచుట్టలో సెకనుకు కొన్ని వేలసార్లు దిశ మార్చుకునే విద్యుత్తు ప్రవహిస్తూ మారే అయస్కాంత క్షేత్రాన్ని నేలలోకి పంపుతుంది. ఆ క్షేత్రం నాణెంలో సుడి ప్రవాహాలను, అంటే సుడిగుండంలా తిరిగే విద్యుత్తును పుట్టిస్తుంది, అవి తిరిగి తమ క్షేత్రాన్ని పైకి పంపుతాయి. ఈ బదులు ఎంత ఆలస్యంగా వచ్చిందన్నదే కీలకం. లోహాలన్నిటిలోనూ విద్యుత్తును ఎక్కువ తేలికగా పోనిచ్చేది వెండి కనుక, మందపాటి వెండి నాణెంలో సుడి ప్రవాహాలు నెమ్మదిగా తగ్గుతాయి, ఆలస్యం ఎక్కువగా ఉంటుంది. ఇనుప మేకు ఇచ్చే బదులు వేరుగా ఉంటుంది. మన ఎర్రనేలల్లోని ఐరన్ ఆక్సైడ్లు కూడా తమ వంతు బదులు పలుకుతాయి కనుక యంత్రాన్ని నేలకు తగ్గట్టు సరిచేసుకోకపోతే ఊరికే కూస్తూనే ఉంటుంది. నాణెమంత వస్తువు మామూలు డిటెక్టర్‌కు అందేది 20, 30 సెంటీమీటర్ల లోతు వరకే. ముప్పై అడుగుల కింది బంగారాన్ని చూపిస్తుందంటూ ఇత్తడి కడ్డీలు అమ్మేవాళ్లకూ, అమావాస్య రాత్రి నిమ్మకాయలు కోసి గుప్తనిధికి దారి చెబుతామనేవాళ్లకూ రాయలసీమలో నేటికీ గిరాకీ తగ్గకపోవడం విచారకరం.

ఇప్పుడు నలుపు సంగతికి వద్దాం. ఇనుముకు తుప్పు పట్టించే ఆక్సిజన్ మామూలు వేడిలో వెండిని ఒంటరిగా ఏమీ చేయలేదు. దానికి గంధకం తోడు కావాలి. చెరువు అడుగున గాలి ఆడని బురదలో బతికే కొన్ని బాక్టీరియాలు సల్ఫేటు లవణాల నుంచి గంధకం ఉన్న హైడ్రోజన్ సల్ఫైడ్‌ను తయారు చేస్తాయి. కుళ్లిన గుడ్డు వాసన దానిదే. ఈ వాయువు అణువులు రెండు, ఆక్సిజన్ అణువు ఒకటి, వెండి పరమాణువులు నాలుగు కలిస్తే రెండు నీటి అణువులతోపాటు రెండు పాళ్లు సిల్వర్ సల్ఫైడ్ ఏర్పడుతుంది. మనం మురికి అనుకునే నలుపు అదే. దాని బరువులో 87 శాతం వెండే!

తిరుపతిలో వీధికొకటి చొప్పున కనబడే తాకట్టు దుకాణాన్ని తలుచుకోండి. నల్లబడిన నాణెం పైపొరలోని వెండి ఎక్కడికీ పోలేదు, గంధకం దగ్గర తాకట్టులో ఉంది. విడిపించాలంటే ఒక్కో వెండి పరమాణువుకు ఒక్కో ఎలక్ట్రాన్ చొప్పున బాకీ కట్టాలి. విభూతితో తోమడమంటే బాకీ కట్టకుండా నగను దుకాణదారుకే వదిలేసి, బీరువాలో మిగిలిన నగలు మెరుస్తున్నాయి కదా అని సంతోషించడం. లెక్కకు వస్తే, 11.66 గ్రాముల రూపాయికి రెండువైపులా మిల్లీమీటరులో వెయ్యోవంతు మందాన నలుపు పట్టిందనుకుంటే ఆ పొర బరువు దాదాపు 10 మిల్లీగ్రాములు, అందులో 9 మిల్లీగ్రాములు వెండి. బరువుగా చూస్తే ఇది లెక్కలోకి రాదు. అయితే గరుకు పొడి అన్నిచోట్లా సమానంగా అరగదీయదు. రాణి జుట్టు పాయలు, కిరీటపు అంచు వంటి ఎత్తైన చోట్లనే ముందుగా కోస్తుంది, పల్లాల్లోని నలుపును అలాగే వదిలేస్తుంది.

చింతపండు కథ వేరు. అందులోని టార్టారిక్ ఆమ్లం రాగి ఆక్సైడ్లను చక్కగా కరిగిస్తుంది, అందుకే రాగి చెంబు మెరిసిపోతుంది. సిల్వర్ సల్ఫైడ్ మాత్రం నీటిలో కరగని లవణాల్లో మొదటి వరుసలోది, చింతపులుపును అసలు ఖాతరు చేయదు. ఆ రూపాయిలో 91.7 శాతం వెండి పోగా మిగిలినది రాగి కనుక, పులుపు ఆ రాగి తుప్పును మాత్రమే తీసి ఏదో పని జరిగినట్టు కనబడేలా చేస్తుంది. కాళ్ల పట్టీలు నల్లబడితే దిష్టి తగిలిందనీ ఒంట్లో వేడి చేసిందనీ అనడమూ ఇలాంటిదే. చెమటలోని ఉప్పు, గంధకం ఉన్న పదార్థాలు చేసే పనిని కంటిచూపు మీదకు నెడుతున్నాం.

మరి బాకీ కట్టేదెవరు? అల్యూమినియం. గాజు గిన్నె అడుగున వంటింటి అల్యూమినియం కాగితం పరిచి, బాగా కాగిన నీళ్లు పోసి, రెండు చెంచాల తినే సోడా కలిపి, నల్లబడిన వెండి చెంచాను కాగితానికి తగిలేలా పెట్టండి. సన్నని బుడగలు లేస్తాయి, కుళ్లిన గుడ్డు వాసన తగులుతుంది, నలుపు గోధుమరంగులోకి, పసుపులోకి దిగి మాయమవుతుంది. వాసన వస్తోందంటే గంధకం దుకాణం ఖాళీ చేస్తోందన్నమాట. ఆ వాయువు విషపూరితం కాబట్టి కిటికీ తెరిచి ఉంచాలి. ఒక్కో అల్యూమినియం పరమాణువు మూడు ఎలక్ట్రాన్లు కట్టి మూడు వెండి పరమాణువులను విడిపిస్తుంది. ఎలక్ట్రాన్లను వదులుకునే తేలికను చెప్పే కొలత ప్రమాణ పొటెన్షియల్, అది ఎంత మైనస్‌లో ఉంటే అంత తేలిక. సిల్వర్ సల్ఫైడ్ వెండిగా మారే ప్రమాణ పొటెన్షియల్ మైనస్ 0.69 వోల్టులు, అల్యూమినియంది మైనస్ 1.66; దాదాపు ఒక వోల్టు తేడాయే ఈ బేరాన్ని నడిపిస్తుంది. అల్యూమినియం తన సొమ్మును ఆక్సైడ్ పొర అనే ఇనప్పెట్టెలో దాచుకుంటుంది, సోడా క్షారం దాని తాళం తీస్తుంది. చెంచా కాగితానికి తగలకపోతే సొమ్ము చేతికి అందదు, నలుపు కదలదు. ఎలక్ట్రోకెమిస్ట్రీని పట్టికలుగా బట్టీ పట్టించే మాస్టార్లు ఈ గిన్నెను ఒక్కసారి బల్లమీద పెడితే ఎంత బాగుండునో!

చెంచాకు సరే, నాణేనికి ఇదైనా చేయవచ్చా అంటే, వద్దనే అంటాను. విడిపించిన నగ కరిగించిన ముద్దగా తిరిగి వస్తుంది. విలువ ఉంటుంది, పనితనం ఉండదు. సల్ఫైడ్ నుంచి మరలిన వెండి అచ్చు కొట్టిననాటి నునుపైన ఉపరితలంగా కాక, సూక్ష్మమైన రంధ్రాలున్న పాలిపోయిన తెలుపుగా అంటుకుంటుంది. పైగా నేలలో దొరికిన నాణెం మీద ఉండేది సల్ఫైడ్ ఒక్కటే కాదు. మట్టిలోని ఉప్పుల వల్ల సిల్వర్ క్లోరైడ్ ఏర్పడుతుంది, అది వెలుతురు తగిలితే ఊదారంగుకు తిరుగుతుంది. రాగి బయటికి వచ్చి పచ్చటి పెచ్చు కడుతుంది. ఒక్కోసారి అక్షరాల ఆకారం లోహంలో చెరిగిపోయి ఈ పెచ్చులోనే మిగిలి ఉంటుంది, పెచ్చు లేస్తే దానితోపాటే అక్షరం పోతుంది. అందుకే మ్యూజియంలలో సూక్ష్మదర్శిని కింద సన్నని పనిముట్లతో, కొద్దికొద్దిగా తీస్తారు. నాణేలు సేకరించేవాళ్లు తోమిన రూపాయికన్నా నల్లటి రూపాయికే ఎక్కువ ధర ఇవ్వడానికీ కారణం ఇదే.

కలెక్టరు కార్యాలయానికి తెలియజేశాక నాణెం మీ దగ్గరే ఉంటే, బ్యాటరీ దుకాణంలో దొరికే డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, ఆ నీళ్లు తేటగా ఉండేదాకా మారుస్తూ, రుద్దకుండా నూలుగుడ్డతో అద్దితే చాలు. మందపాటి పీవీసీ కవర్లు కాలక్రమంలో ఆమ్లాన్ని వదులుతాయి, వాటిలో పెట్టవద్దు. నాణేల కాగితపు పొట్లానికి రబ్బరు బ్యాండు కూడా వేయవద్దు. రబ్బరును గట్టిపరచడానికి కలిపేది గంధకమే.