జోన్‌ 2 ధీమా వెనక ఉన్న కథ

2024 డిసెంబరు 4, బుధవారం ఉదయం 7 గంటల 27 నిమిషాలు. హైదరాబాద్‌లో టిఫిన్‌ డబ్బాలు సర్దుకునే వేళ. మా అపార్ట్‌మెంట్‌ గ్రూపులో మొదటి మెసేజీ పడింది: "అన్నా, మీకేమన్నా మంచం ఊగినట్టు అనిపించిందా?" పై అంతస్తుల వాళ్లకు అనిపించింది. కింద వాచ్‌మన్‌కు ఏమీ తెలియలేదు. కాసేపటికి వార్త వచ్చింది: ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో, 40 కిలోమీటర్ల లోతున భూకంపం. ఇక రోజంతా అందరిదీ ఒకటే మాట: "మనది దక్కన్‌ రాయి, జోన్‌ 2. మనకేం కాదు."

జోన్లంటే భూకంప ముప్పును బట్టి దేశ పటాన్ని విడగొట్టిన భాగాలు; అంకె చిన్నదైతే ముప్పు తక్కువ. ఆ మాటలో నిజం లేకపోలేదు. కానీ ఆ జోన్లను దేన్ని చూసి గీశారో తెలిస్తే ధీమా కొంచెం సడలుతుంది.

భూకంపాన్ని చాలాకాలం ఏ ఊరికి ఆ ఊరు తన ఆపదగానే చూసుకుంది. 1897 జూన్‌ 12న అస్సాం, షిల్లాంగ్‌ ప్రాంతం దద్దరిల్లినప్పుడు భారత భూగర్భ సర్వే సంస్థలో పనిచేస్తున్న ఆర్‌.డి.ఓల్డ్‌హామ్‌ దాన్ని పట్టుకుని కూర్చున్నాడు. ఎక్కడో యూరప్‌లోని యంత్రాల్లో నమోదైన గీతలనూ పరిశీలించాడు. ఒకే భూకంపం నుంచి మూడు రకాల తరంగాలు వేర్వేరు వేగాలతో బయల్దేరతాయని తేల్చాడు. 1906లో అవే తరంగాల ఆధారంతో భూమి నడిమధ్య వేరే పదార్థంతో ఒక గర్భం ఉందన్నాడు. అస్సాంలో ఇళ్లు కూల్చిన కంపనమే భూమి లోపలికి కిటికీ తెరిచిందన్నమాట. మన బేగంపేటలోని నిజామియా వేధశాల పేరు చెబితే నక్షత్రాలే గుర్తొస్తాయి గానీ, అక్కడ ఒకప్పుడు భూకంపాలను గీసే మిల్న్‌–షా యంత్రం కూడా ఉండేది.

1912లో జర్మన్‌ శాస్త్రవేత్త వెగెనర్‌ ఖండాలు కదులుతున్నాయన్నాడు. ఎక్కువమంది నమ్మలేదు, కదిలించే బలమేదో ఆయన సరిగా చెప్పలేకపోయాడు. సాక్ష్యం భూకంపాల నుంచే రావాల్సి వచ్చింది. జపాన్‌లో వడాతి అనే శాస్త్రవేత్త కొన్ని భూకంపాలు వందల కిలోమీటర్ల లోతున పుడుతున్నాయని 1928లో చూపించాడు. సముద్రం వైపు నుంచి ఖండం కిందికి పోయేకొద్దీ వాటి లోతు పెరుగుతోంది. ఏదో ఒక పలక ఏటవాలుగా కిందికి దిగిపోతున్నట్టు! దాని అర్థం పూర్తిగా తెలియడానికి ఇంకో నాలుగు దశాబ్దాల దాకా పట్టింది.

అసలు మలుపు అణుబాంబుల వల్ల వచ్చింది. భూగర్భంలో దొంగచాటుగా జరిపే అణుపరీక్షలను పట్టుకోవడానికి అమెరికా 1960లలో ప్రపంచమంతా ఒకే రకం యంత్రాలు పెట్టించింది. బాంబుల సంగతి అలా ఉంచితే, ప్రతి చిన్న భూకంపం ఎక్కడ పుట్టిందో కచ్చితంగా తెలియడం మొదలైంది. 1961 నుంచి 1967 వరకు వచ్చిన సుమారు 29 వేల భూకంపాలను బరాజంగీ, డోర్మన్‌ అనే శాస్త్రవేత్తలు ప్రపంచ పటం మీద చుక్కలుగా పెట్టి 1969లో ప్రచురించారు. చుక్కలు చెల్లాచెదురుగా పడలేదు. సన్నటి గీతల్లా వరస కట్టాయి: పసిఫిక్‌ చుట్టూ ఒకటి, అట్లాంటిక్‌ నడుమ ఒకటి, మధ్యధరా నుంచి హిమాలయాల మీదుగా ఇండోనేషియా దాకా ఒకటి. భూమి పైపొర కొన్ని పెద్ద పలకలుగా విడిపోయి మెల్లగా కదులుతోంది; ఆ గీతలే ఆ పలకల అంచులు. వాటిని విడిగా ఎవరూ గీయనక్కర్లేకపోయింది.

భారత పలక ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్ల చొప్పున ఈశాన్యానికి జరుగుతూ ఆసియాను నెడుతోంది. ఆ అంచు మనకు చాలా దూరం. కానీ ముందు పోతున్న ఎడ్లబండిని ఎవరో అడ్డుకుంటే వెనక బస్తాలు కూడా ఒరుసుకుంటాయి కదా. పలక లోపల పాత పగుళ్లు ఎక్కడెక్కడ ఉన్నాయో అక్కడ ఆ ఒత్తిడి బయటపడుతుంది. అలాంటి పగుళ్లున్న లోయే మన గోదావరి. సింగరేణి బొగ్గు పేరుకున్నదీ ఆ లోయలోనే. 1969 ఏప్రిల్‌లో భద్రాచలం కదిలింది, 2024లో ములుగు కదిలింది.

జోన్ల పటం చరిత్ర చూస్తే నాకు ఎక్కువ ఆశ్చర్యం కలిగించేది వేరే. 1962లో భారత ప్రమాణాల సంస్థ తన మొదటి పటం వేసింది. 1967 డిసెంబరులో దక్కన్‌ మీదే, పెద్ద ముప్పు లేదనుకున్న మహారాష్ట్రలోని కోయ్నాలో భూకంపం వచ్చింది. 1970లో పటం మార్చారు. ఆ కొత్త పటంలో లాతూరు ప్రాంతం అన్నిటికన్నా సురక్షితమైన జోన్‌ 1లో పడింది. 1993లో వినాయక నిమజ్జనం ముగించుకుని అలసి నిద్రపోయిన రాత్రి, సెప్టెంబరు 30 తెల్లవారుజామున, ఆ లాతూరు ప్రాంతంలోని కిల్లారి నేలమట్టమైంది. పదివేల మంది దాకా పోయారు. చంపింది ఎక్కువగా మట్టితో పేర్చిన లావాటి రాతి గోడలు, వాటిపై బరువైన మట్టి మిద్దెలు. ఆ కుదుపు హైదరాబాద్‌ దాకా తెలిసింది. 2002 నాటికి జోన్‌ 1 అనేదాన్నే పటంలోంచి తీసేశారు. పటం భూకంపం వెనకే నడుస్తోంది, ముందు నడవడం లేదు.

2002 పటంలో హైదరాబాద్‌ది జోన్‌ 2, భద్రాచలం వైపు జోన్‌ 3. నగరం కింద గట్టి గ్రానైట్‌ ఉన్నమాట వాస్తవమే. కానీ అన్ని ఇళ్లూ దాని మీదే లేవు. పూడ్చిన చెరువు మట్టి మీద కంపనం రాతి మీదకన్నా ఎక్కువవుతుంది. 2001 జనవరి 26న భుజ్‌ భూకంపానికి రెండొందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అహ్మదాబాద్‌లో అపార్ట్‌మెంట్లు కూలాయి. కూలినవాటిలో చాలావరకు కింద గోడలు లేకుండా పార్కింగ్‌ కోసం పిల్లర్ల మీద నిలబెట్టినవే. దాన్నే మనం ఇక్కడ స్టిల్ట్‌ అంటాం.

ఆ డిసెంబరు ఉదయం మా పై అంతస్తుల వాళ్లంతా భయంతో మెట్లు దిగి వచ్చారు. రోడ్డు మీదికి ఎవరూ పోలేదు. చలిగా ఉందని స్టిల్ట్‌లోనే, కార్ల మధ్య, పిల్లర్లకు ఆనుకుని నిలబడ్డారు.