సినిమాలో కరెంటు పోతుంది, మళ్లీ ఎలా వస్తుందో చూపించరు

చిరంజీవులకు,

ఆశీస్సులు. ఈఎంపీ (విద్యుదయస్కాంత పల్స్, అంటే అణుబాంబు లాంటిది పేలినప్పుడు పుట్టే బలమైన విద్యుదయస్కాంత తరంగం) దాడుల సినిమాలు వరసపెట్టి చూస్తున్నారనీ, అలాంటిది నిజంగా జరిగితే ఫోన్లు, కార్లు, లైట్లు ఒక్కసారిగా పోతాయా అని అడుగుతున్నారనీ మీ అమ్మ చెప్పింది. ఫోన్లో రెండు ముక్కల్లో తేలే విషయం కాదు కాబట్టి తీరిగ్గా రాస్తున్నాను.

ఇది పూర్తిగా కల్పన కాదు. 1962 జూలై 9న అమెరికా పసిఫిక్‌లోని జాన్‌స్టన్ దీవి మీద, దాదాపు 400 కిలోమీటర్ల ఎత్తులో, 1.4 మెగాటన్నుల అణుబాంబు పేల్చింది. ఆ పరీక్ష పేరు స్టార్‌ఫిష్ ప్రైమ్. సుమారు 1,400 కిలోమీటర్ల దూరంలో ఉన్న హవాయిలో ఓ మూడు వందల వీధి దీపాలు ఆరిపోయాయి, దొంగల అలారాలు వాటంతట అవే మోగాయి. హవాయి మొత్తం మాత్రం చీకటి కాలేదు. అదే ఏడాది అక్టోబరు 22న సోవియట్ వాళ్లు కజకిస్తాన్ మీద 290 కిలోమీటర్ల ఎత్తులో బాంబు పేలిస్తే, 570 కిలోమీటర్ల టెలిఫోన్ లైన్లో ఫ్యూజులు కాలిపోయాయి. దెబ్బ తిన్నవాటిలో పొడవాటి తీగలు ఎలా ముందున్నాయో గమనించండి. సినిమాలు తప్పటడుగు వేసేది సరిగ్గా ఇక్కడే.

ఈఎంపీ అంటే ఒకే దెబ్బ కాదు, వెంటవెంటనే వచ్చే మూడు. ఇంజినీర్లు వాటిని ఈ1, ఈ2, ఈ3 అంటారు. ఈ1 సెకనులో వంద కోట్ల వంతుల లెక్కలో వచ్చి పోతుంది; ఎలక్ట్రానిక్ సర్క్యూట్లకు ప్రమాదం దానితోనే. ఈ2 పిడుగులాంటిది, పిడుగుల కోసం పెట్టిన అరెస్టర్లే దాన్ని చాలావరకు ఆపుతాయి. ఈ3 మెల్లగా, సెకన్ల నుంచి నిమిషాల దాకా సాగుతుంది. చేతిలో ఉన్న ఫోన్ని అదేమీ చేయలేదు. వందల కిలోమీటర్ల హైటెన్షన్ లైన్లంటేనే దానికి పట్టు.

'ది డే ఆఫ్టర్' (1983)లో బాంబు పేలగానే హైవే మీద కార్లన్నీ ఆగిపోతాయి. అమెరికాలో ఈఎంపీ మీద వేసిన కమిషన్ 1986 నుంచి 2002 దాకా తయారైన మోడళ్లలో 37 కార్లను కృత్రిమ పల్స్ కింద పరీక్షించింది. ఆగి ఉన్న కార్లకు ఏమీ కాలేదు. నడుస్తున్న వాటిలో మూడింటి ఇంజిన్లు ఆగి, మళ్లీ స్టార్ట్ చేస్తే కదిలాయి. నిజానికి మూడు కార్లు చాలు, రద్దీ రోడ్డు మీద గుద్దుకోవడానికి. కానీ ప్రతి కారూ శాశ్వతంగా ఇనుప ముక్క అయిపోవడం వేరే సంగతి. 'రివల్యూషన్' సీరియల్లో బ్యాటరీలు కూడా పనిచేయవు. ఆ కథలో దానికి వేరే కారణం కల్పించారు కాబట్టి సరిపోయింది. ఈఎంపీకి మాత్రం టార్చిలైటులోని సెల్లుతో పని లేదు.

ఇప్పుడు ఈ3 గురించి. దానికి బాంబే అక్కర్లేదు, సూర్యుడు చాలు. 1989 మార్చి 13 తెల్లవారుజామున సౌర తుఫాను వల్ల కెనడాలోని క్యూబెక్ గ్రిడ్ (విద్యుత్ కేంద్రాలను, ఊళ్లను కలిపే లైన్ల వల) ఒకటిన్నర నిమిషంలో కూలింది. 60 లక్షల మందికి తొమ్మిది గంటల పాటు కరెంటు లేదు. ఎలా జరుగుతుందో లెక్క వేసి చూడండి. భూమి మీద కిలోమీటరుకు 2 వోల్టుల చొప్పున విద్యుత్ క్షేత్రం పుట్టిందనుకుందాం. 300 కిలోమీటర్ల 400 కేవీ (4 లక్షల వోల్టుల) లైన్ రెండు చివరల మధ్య 600 వోల్టులు. మూడు ఫేజులు, ట్రాన్స్‌ఫార్మర్ వైండింగులు, ఎర్తింగ్ అన్నీ కలిపినా అడ్డుపడే నిరోధం సుమారు 4 ఓములే. అంటే 150 ఆంపియర్లు, ఫేజుకు 50, ట్రాన్స్‌ఫార్మర్ న్యూట్రల్ (భూమికి కలిపే తీగ) గుండా పారుతుంది, అదీ దాదాపు డీసీ (ఒకే దిశలో పారే కరెంటు) లాగా. ఏసీ (దిశ మార్చుకుంటూ ఉండే కరెంటు) కోసం చేసిన ట్రాన్స్‌ఫార్మర్ కోర్ (లోపలి ఇనుప భాగం) దాన్ని తట్టుకోలేదు. ప్రతి సైకిల్లో సగం సేపు శాచ్యురేట్ అయి (ఇక అయస్కాంతత్వం పట్టనంతగా నిండిపోయి), అయస్కాంత క్షేత్రం కోర్ దాటి ట్యాంకు గోడల్లోకి, బోల్టుల్లోకి పాకి వాటిని వేడెక్కిస్తుంది. వోల్టేజిని నిలబెట్టడానికి కావలసిన రియాక్టివ్ పవర్‌ను విపరీతంగా లాగుతుంది, హార్మోనిక్స్ (కరెంటు తరంగాన్ని వంకర చేసే అదనపు తరంగాలు) పుట్టిస్తుంది. క్యూబెక్‌లో వోల్టేజిని నిలబెట్టే ఏడు కాంపెన్సేటర్లు ఆ హార్మోనిక్స్ వల్లే ఒకదాని వెంట ఒకటి ట్రిప్ అయ్యాయి. న్యూజెర్సీలోని సేలమ్ అణు కేంద్రంలో ఒక పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ పాడైపోయింది. మనం అయస్కాంత ధ్రువాలకు దూరంగా ఉన్నాం కాబట్టి సౌర తుఫానుల బెడద మనకు కెనడాకున్నంత ఉండదు.

ట్రిప్ అవడమంటే చెడిపోవడం కాదు. గ్రిడ్‌లోని పరికరం కాలిపోకుండా తనను తాను విడదీసుకోవడం అది. మన దేశంలో 2012 జూలై 30న, మళ్లీ 31న జరిగింది అదే. బినా-గ్వాలియర్ 400 కేవీ లైన్ మీద లోడు ఎక్కువై, రిలే (లైన్‌కు కాపలా కాసే పరికరం) దాన్ని ఫాల్టుగా లెక్కించి లైన్‌ను విడదీసింది. ఆ భారం మిగతా లైన్ల మీద పడి అవీ వరసగా విడిపోయాయి. రెండో రోజు ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు మూడూ కూలాయి, 60 కోట్లకు పైగా జనం ఉన్న ప్రాంతం చీకటైంది. తెలుగు నేల నిలబడింది. దక్షిణ గ్రిడ్ అప్పటికి మిగతా దేశంతో ఏసీ లైన్లతో కలిసి లేదు. విశాఖ దగ్గరి గాజువాక, మహారాష్ట్రలోని భద్రావతి లాంటి చోట్ల డీసీ గుండానే కలిసింది. అటువైపు అలజడి ఇటు దాటి రాలేదు. 2013 డిసెంబరు 31న రాయచూర్-సోలాపూర్ లైన్‌తో మనమూ ఒకే గ్రిడ్ అయ్యాం. అందువల్ల లాభం ఎంతో ఉంది, పంచుకునే ప్రమాదమూ ఉంది.

ఇక 'ఓషన్స్ ఇలెవెన్' (2001). ఒక పరికరం పేలుతుంది, లాస్ వెగాస్ అంతా చీకటి, కాసేపటికే లైట్లన్నీ తిరిగి వెలుగుతాయి. చీకటి కావడం కన్నా ఆ వెలుగు రావడమే నాకు నమ్మశక్యం కాదు. ఊరంతా పోయిన గ్రిడ్‌ను లేపడం ఎలాగో చెబుతాను, ఏ సినిమా చూపించదు కనుక.

థర్మల్ కేంద్రం నడవాలంటే ముందు దానికే కరెంటు కావాలి. 500 మెగావాట్ల యూనిట్‌కు ఫీడ్ పంపులు, ఫ్యాన్లు, బొగ్గు మిల్లుల కోసం 30 మెగావాట్లకు పైగా పడుతుంది. ఈలోగా వేడిగా ఉన్న టర్బైన్ షాఫ్టును ఒకేచోట ఆపితే వంగిపోతుంది, అందుకని బ్యాటరీలతోనో డీజిల్ జనరేటర్‌తోనో దాన్ని మెల్లగా తిప్పుతూనే ఉంచాలి. అందువల్ల మొదట లేపేది జలవిద్యుత్ కేంద్రాన్ని. అక్కడ బ్యాటరీలూ చిన్న డీజిల్ సెట్టూ ఉంటే చాలు, గేటు తెరిస్తే నీళ్లే టర్బైన్‌ను తిప్పుతాయి. దీన్నే బ్లాక్ స్టార్ట్ అంటారు. ఆ కరెంటును లైన్ మీదుగా థర్మల్ కేంద్రానికి పంపాలి. లోడు లేని పొడవాటి లైన్ చివర వోల్టేజి పెరిగిపోతుంది, కాబట్టి రియాక్టర్లు (అణు రియాక్టర్లు కావు, వోల్టేజిని తగ్గించే పెద్ద తీగచుట్టలు) పెట్టి అదుపు చేయాలి. దారిలో ఊళ్లకు కొద్దికొద్దిగా ఇవ్వాలి. ఒక్కసారే ఎక్కువ ఫీడర్లు (ఊళ్లకు, వీధులకు కరెంటు తెచ్చే లైన్లు) వేస్తే ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్ నుంచి జారి, జలవిద్యుత్ యూనిట్ కూడా ట్రిప్ అయి, పని మళ్లీ మొదటికొస్తుంది. విడివిడిగా లేచిన ముక్కలను కలిపేటప్పుడు వోల్టేజి, ఫ్రీక్వెన్సీ, ఫేజు మూడూ సరిపోలిన క్షణంలోనే బ్రేకర్ (పెద్ద స్విచ్చి) వేయాలి.

ఇందులో మీ ఇంటి పాత్ర ఉంది. కరెంటు పోయినప్పుడు స్విచ్చులు వేసినవి వేసినట్టే వదిలేస్తే, ఫీడర్ వేసిన క్షణంలో వీధిలోని ఏసీలు, ఫ్రిజ్‌లు, మోటార్లు అన్నీ కలిసి లాగుతాయి. మామూలు లోడుకు రెట్టింపు దాటవచ్చు, ఫీడర్ మళ్లీ పోతుంది. అవన్నీ ఆపేసి ఒక్క లైటు స్విచ్చి మాత్రం వేసి ఉంచండి. కరెంటు వచ్చిందని అది చెబుతుంది, పావుగంట ఆగి మిగతావి వేసుకోండి. మోటారు ఆగాక ఓవర్‌హెడ్ ట్యాంకులో మిగిలిన నీళ్లే దిక్కు, ముందు తాగడానికి కొన్ని పక్కన పెట్టుకోండి. సెల్ టవర్ల బ్యాటరీలు కొన్ని గంటలే వస్తాయి, ఫోన్ చార్జింగ్ ఉన్నంత మాత్రాన సిగ్నల్ ఉంటుందనుకోవద్దు. సెల్లులతో నడిచే చిన్న రేడియో ఒకటి ఇంట్లో ఉండాలి.

లోహపు పెట్టెలో పెడితే ఫోన్ భద్రం అన్నారట. చేసి చూడండి. ఫోన్ని గుడ్డలో చుట్టి, దానిపై అల్యూమినియం ఫాయిల్ మూడు పొరలు వేసి, అంచులు రెండు మడతలు నొక్కి, మరో ఫోన్ నుంచి దానికి కాల్ చేయండి. మోగకూడదు. తర్వాత అంచు వెంబడి ఓ జానెడు చీలిక వదిలి చూడండి, మోగే అవకాశం ఎక్కువ. తరంగాన్ని లోపలికి రానిచ్చేది చీలిక వెడల్పు కాదు, పొడవు. మూత సరిగా పట్టని డబ్బాలు పనికిరానిది అందుకే.

చివరగా, మీ నాన్నకు కూడా చదివి వినిపించండి. 2014లో హుద్‌హుద్ తుఫాను తర్వాత విశాఖలో జరిగినట్టు రోజుల తరబడి కరెంటు లేకపోతే జనరేటర్ తెచ్చుకుంటాం. దాన్ని ప్లగ్గులో గుచ్చి ఇంటి వైరింగుకు ఎక్కించకూడదు. ఆ కరెంటు మీటరు దాటి వీధి ట్రాన్స్‌ఫార్మర్‌లోకి వెనక నుంచి వెళ్తే, 11 వేల వోల్టులను తగ్గించాల్సిన ఆ ట్రాన్స్‌ఫార్మరే దాన్ని 11 వేలకు పెంచి లైన్ మీదికి పంపుతుంది. లైన్ చచ్చి ఉందని నమ్మి పైన పని చేస్తున్న లైన్‌మన్ ప్రాణం పోతుంది. ఎలక్ట్రీషియన్‌తో చేంజోవర్ స్విచ్ (ఇంటిని ఒకసారికి వీధి లైన్‌కో జనరేటర్‌కో ఒక్కదానికే కలిపే స్విచ్చి) పెట్టించండి, లేదంటే కావలసిన వస్తువును ఎక్స్‌టెన్షన్ వైరుతో నేరుగా జనరేటర్‌కే తగిలించండి. జనరేటర్‌ను ఇంట్లో కాదు, బయట, కిటికీలకు దూరంగా పెట్టండి.

ఇట్లు,
మీ తాతయ్య